నూకరాజు ఇంటి పథ్యం

నేనెప్పుడూ ఏమీ రాయలేదండి. ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నేను రాసిందల్లా పప్పు డబ్బా మీద పప్పు అని, ఉప్పు డబ్బా మీద ఉప్పు అని. నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. కాగితమైతే మన మొహంలోకి చూడదు కదా అని ధైర్యం చేస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

ఇది మా పక్కింటి వాళ్ళ కథ. వాళ్ళని అడిగే రాస్తున్నాను. "రాయి పెద్దొదినా, రాయి. మా తెలివి మా ఇంట్లోనే ఉండిపోతే ఊరికేం లాభం?" అన్నారు.

మాది కోనసీమలో కాలవ గట్టున ఉన్న ఊరు. పక్కింట్లో నలుగురుంటారు. పెద్దవాడు నూకరాజు, కొబ్బరి దింపు తీస్తాడు. ఎంత పొడుగు చెట్టయినా ఉడతలా ఎక్కేస్తాడు. అతని పెళ్ళాం మంగతాయారు. తమ్ముడు దొరబాబు, ఇంకా పెళ్ళి కాలేదు. వాళ్ళ మేనత్త అచ్చాయమ్మ, నోట్లో పన్ను లేదు గానీ నోటికి తీరిక ఉండదు.

"దేవుడు తెలివి పంచేటప్పుడు మా ఇంటి ముందు కాసేపు ఆగాడమ్మాయ్" అంటుంది అచ్చాయమ్మ. నిజమే అనుకుంటారు మిగతా ముగ్గురూ. ఒకసారి వానకి వాళ్ళ ఇల్లు కారింది. కింద బకెట్ పెట్టారు. బకెట్ నిండిపోతోంది. అంతే, దొరబాబు బకెట్‌కి అడుగున చిల్లు పెట్టాడు. "ఇంక నిండమను చూద్దాం" అన్నాడు. నిండలేదు మరి.

అలాంటి ఇంటికి ఒకరోజు కష్టం వచ్చింది. నూకరాజు చెట్టు దిగి, కళ్ళు తిరిగి మట్టల మీద కూలబడ్డాడు. ఊళ్ళోకి వచ్చే నర్సమ్మ పరుగున వచ్చి, అతనికి తెలివి వచ్చేలోపే వేలు పొడిచి చూసింది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది. బిళ్ళలు ఇచ్చింది.

"బిళ్ళలతో సరిపోదు. తిండి మారాలి. వచ్చే నెల వచ్చి మళ్ళీ వేలు పొడిచి చూస్తాను. అప్పటికి తగ్గకపోతే డాక్టరు గారు రోజూ సూది వేయించుకోమంటారు" అంది.

నూకరాజు మొహం తెల్లబోయింది. తాటిచెట్టంత ఎత్తుకీ భయపడడు, తేలుకీ భయపడడు. సూదంటే మాత్రం ప్రాణం పోతుంది. పెళ్ళాం చొక్కాకి బొత్తాం కుట్టినా చొక్కా విప్పి ఇచ్చి వీధిలోకి వెళ్ళిపోతాడు.

"రోజూనా?" అన్నాడు.

"రోజూ."

"ఆదివారం కూడానా?"

"ఆదివారం కూడా."

ఇంకేముంది, నలుగురూ గొల్లుమన్నారు. నర్సమ్మ వాళ్ళని కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. కంచంలో సగం కూరలే ఉండాలి. రంగురంగుల కూరగాయలు తినాలి. ఏ ముద్దనీ నమలకుండా మింగకూడదు. తిన్నాక నడవాలి. ఇంట్లో పంచదార, బెల్లం ఉంచకూడదు. "ఇంతే. ఒక్కడికోసమని కాదు, ఇంటిల్లిపాదీ ఇలాగే తినండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

"ఇన్ని మాటలు ఒక్క బుర్రలో పెడితే ఒకదాని కింద ఒకటి నలిగిపోతాయి" అన్నాడు దొరబాబు. "పంచుకుందాం."

పంచుకున్నారు. కంచం మాట మంగతాయారుకి. రంగుల మాట దొరబాబుకి. నమిలే మాట అచ్చాయమ్మకి. నడిచే మాట నూకరాజుకి. పంచదార మాట మిగిలిపోయింది. "అది ఉమ్మడిలో ఉంచండి, అవసరానికి వాడుకుందాం" అంది అచ్చాయమ్మ.

నేను దడి ఇవతల బట్టలారేస్తూ విన్నాను. ఏదో అనాలనిపించింది. ఆరేసిన చీరే మళ్ళీ ఆరేశాను.

మర్నాడు మంగతాయారు మొదలుపెట్టింది. కంచంలో సగం ఎక్కడుందో తెలియాలి కదా. ముగ్గు పిండి తెచ్చి కంచం మధ్యలో గీత గీసింది. ఇటు అన్నం పెట్టింది, అటు ఆనపకాయ పులుసు పోసింది. పులుసు గీత దాటి అన్నంలోకి వచ్చేసింది, ముగ్గు పిండిని కూడా కలుపుకుని.

"ఆగు ఆగు! సరిహద్దు దాటింది!" అన్నాడు దొరబాబు.

"నేను పోసింది అటే కదా!"

"దానికి చెప్పావా మరి?"

దొరబాబు అన్నంతో గట్టు కట్టాడు. పొలం గట్టు కట్టినట్టు ముద్దలు పెట్టి, వేళ్ళతో నొక్కి, మట్టసంగా చేశాడు. పులుసు పోశారు. కాసేపు ఆగింది. నలుగురూ వంగి చూస్తున్నారు. అచ్చాయమ్మ తుమ్మింది. అంతే, గట్టు తెగింది.

"తప్పు పులుసుది కాదు, కంచానిది. కంచం ఒక్కటే ముక్కైతే సగం ఎక్కణ్ణించి వస్తుంది?" అంది మంగతాయారు. ఆ మాట నలుగురికీ నచ్చింది. నాలుగు కంచాలూ తీసుకుని దొరబాబు వెల్డింగు షాపుకి వెళ్ళాడు. సగానికి కోయించాడు. ఆ మధ్యాహ్నం అందరూ సగం కంచంలో కూర వేసుకున్నారు, సగం కంచంలో అన్నం వేసుకున్నారు. పులుసు పోయగానే కోసిన వైపు నించి ఒళ్ళోకి దిగిపోయింది.

"రెండు ముక్కలూ దగ్గరగా పెట్టుకోండి" అంది అచ్చాయమ్మ.

పెట్టుకున్నారు. సందులోంచి కారింది. దొరబాబు మళ్ళీ షాపుకి వెళ్ళాడు. రెండు సగాలూ కలిపి అతికించి ఇమ్మన్నాడు. షాపతను కాసేపు దొరబాబుని చూశాడు, కాసేపు కంచాన్ని చూశాడు, అతికించి ఇచ్చాడు. మధ్యలో ఎత్తుగా అతుకు వచ్చింది. ఇటు అన్నం ఇటే ఉంది, అటు పులుసు అటే ఉంది.

"చూశావా అక్కా, బుర్ర ఉండాలి" అని మంగతాయారు దడి మీంచి నాకు కంచం చూపించింది. నేను బాగుందన్నాను. బాగానే ఉంది మరి.

ఇక నమిలే సంగతి. నమలకుండా మింగకూడదు అన్నది నర్సమ్మ. అచ్చాయమ్మకి పళ్ళు లేవు. మెత్తటి పప్పన్నం నోట్లో పెట్టుకుని కూర్చుంది. మింగదు. కక్కదు. మాట్లాడదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఏదో అయిందని నేనే దడి దాకా పరిగెత్తాను.

"అత్తా, మింగు" అన్నాడు నూకరాజు. అడ్డంగా తలూపింది.

"ఎలా మింగుతుంది? నమల్లేదుగా" అంది మంగతాయారు.

దొరబాబు ఆలోచించాడు. "పళ్ళు ఎవరివైతేనేం, ఇంట్లోవే కదా. నేను నములుతాను, నువ్వు మింగత్తా" అన్నాడు. ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఖాళీ నోరు కసాబిసా నమిలాడు. చెవులు కూడా కదిలేలా నమిలాడు. "ఊఁ, అయింది, మింగు" అన్నాడు. మింగింది. అలా ప్రతి ముద్దకీ నమిలాడు. అచ్చాయమ్మ అన్నం అయ్యేసరికి దొరబాబు దవడలు వాచిపోయి, తన అన్నం తను తినలేకపోయాడు.

"ఏం తిన్నావురా అంతలా?" అంది అచ్చాయమ్మ.

దవడకి కాపడం పెట్టుకుంటూనే దొరబాబు రంగుల పని చూశాడు. టమాటా ఎరుపు, గుమ్మడి పసుపు, వంకాయ ఊదా, కేరట్ ఉంది, ముల్లంగి ఉంది, పచ్చవి పెరడంతా ఉన్నాయి. నీలం లేదు. సంతంతా తిరిగాడు. ఏ బుట్ట దగ్గర అడిగినా నవ్వారు. నీలం రంగు తినకపోతే అన్న ఒంట్లో ఆ మేరకు ఆరోగ్యం తక్కువవుతుందని బెంగ పెట్టుకున్నాడు. అంతే, బట్టలకి పెట్టే నీలిమందు గుర్తొచ్చింది. పొట్లకాయని బకెట్ నీలిమందులో ముంచి తీశాడు. నిగనిగలాడిపోయింది.

దడి మీంచి అది చూశాను. "మంగతాయారూ!" అని ఒక్క కేక వేశాను. నా గొంతు అంత ఉందని నాకే తెలీదు. కానీ మంగతాయారు అప్పటికే కత్తిపీట ముందు కూర్చుని పొట్లకాయ పైనంతా గీకి పారేస్తోంది, రోజూ గీకినట్టే. రంగంతా పొట్టుతో పోయింది. కాయని బాగా కడిగి వండింది.

"రంగు తీసేశావేంటి వదినా! రంగే కదా తినాలి!" అని దొరబాబు నెత్తి కొట్టుకున్నాడు.

పొట్టు వాళ్ళ తెల్ల మేక వాసన చూసి వదిలేసింది. మూతి మాత్రం నీలంగా అయింది. ఆ సాయంత్రం అది దడి దూకి మా బెండ మొక్కలన్నీ మేసేసింది.

"చూశారా ఎంత చలాకీగా దూకిందో! వాసనకే అలా ఉంటే, తింటే మా అన్నయ్య ఎలా ఉండేవాడు!" అన్నాడు దొరబాబు.

అన్నీ చేసినా నూకరాజుకి బెంగ తగ్గలేదు. "ఇంకా ఏదో మిగిలిపోయింది" అన్నాడు. అప్పుడు ఉమ్మడిలో ఉన్న మాట గుర్తొచ్చింది. ఇంట్లో పంచదార, బెల్లం ఉంచకూడదు.

మంగతాయారు డబ్బాలు దింపింది. పంచదార డబ్బా నిండుగా ఉంది. అటక మీద బెల్లం దిమ్మలున్నాయి.

"పారబోద్దామా?" అంది.

"తప్పు! తినే వస్తువు నేలపాలు చేస్తామా?" అంది అచ్చాయమ్మ.

"మా పుట్టింటికి పంపుదామా?"

"వాళ్ళ ఒంటికి మాత్రం మంచిదా? చేజేతులా మీ అన్నకి చెడ్డ చేస్తావా?"

ఆలోచించారు. పారబొయ్యకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, ఇంట్లో ఉండకూడదు. ఒక్క దారే మిగిలింది. ఇంకేముంది, పొయ్యి వెలిగించారు. పాకుండలు చేశారు, కొబ్బరి లౌజు చేశారు, బూరెలు చేశారు, అరిసెలు చేశారు. నలుగురూ కూర్చుని తినడం మొదలుపెట్టారు. సరదాకి కాదు, పాపం. నూకరాజు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని తిన్నాడు.

"ఇంక నా వల్ల కాదు" అన్నాడు.

"సూది గుర్తు తెచ్చుకో" అంది మంగతాయారు.

ఇంకో బూరె తిన్నాడు. పొద్దు వాలేసరికి ఇంట్లో చీమ ఎత్తుకుపోదామన్నా తీపి లేదు. డబ్బాలు కడిగి బోర్లించారు. "పీడ వదిలింది" అని అచ్చాయమ్మ అక్కడే ఒరిగింది.

నూకరాజు లేవబోయాడు. లేవలేకపోయాడు. తమ్ముడు చెయ్యిచ్చి లేపాడు. అప్పుడు అతని వంతు మాట అతనికి గుర్తొచ్చింది. తిన్నాక నడవాలి. నడిచాడు.

ఎంతదాకా నడవాలో నర్సమ్మ చెప్పలేదు. ఆగమని ఎవరూ అనలేదు. కాలవ గట్టు పట్టుకుని వెళ్ళి వెళ్ళి, మంగతాయారు అన్నగారి ఊళ్ళో తేలాడు. వాళ్ళు బావొచ్చాడని సంబరపడి అన్నం పెట్టారు. తిన్నాడు. తిన్నాక నడవాలి కదా. నడిచి ఇంటికొచ్చాడు. అంత నడిచాక ఆకలేసింది. తిన్నాడు. అంతే, మళ్ళీ నడవాల్సి వచ్చింది.

"ఏమయ్యా, ఇప్పుడేగా వచ్చావు?" అన్నాను ఒకరోజు, ఉండబట్టలేక.

"ఏం చెయ్యను పెద్దొదినా, తిన్నాను!" అన్నాడు ఆగకుండా. కళ్ళు పీక్కుపోయాయి.

"ఎవరైనా ఆపితే బాగుణ్ణు" అని గొణిగాను. నాకే వినపడలేదు, అతనికేం వినపడుతుంది.

ఇలా రోజులు గడిచాయి. అవతలి ఊళ్ళో మొదట్లో కోడికూర పెట్టారు. తర్వాత పప్పు పెట్టారు. తర్వాత ఆ ఇల్లాలికి విసుగొచ్చి, ఇతను కనపడగానే గుమ్మంలోనే ఉడికించిన పెసల గుగ్గిళ్ళు, గ్లాసుడు మజ్జిగ చేతిలో పెట్టి పంపేసేది. నూకరాజు చిక్కిపోయాడు. దింపుకి వెళ్ళేది కూడా అన్నానికీ నడకకీ మధ్య సందు దొరికితేనే.

చెప్పినట్టే నర్సమ్మ వచ్చింది, ఒక సాయంత్రం పూట. సంచీ తీసేసరికి అందులో సూది తళుక్కుమంది. ఇంకేముంది, నూకరాజు పెరట్లో కొబ్బరిచెట్టు ఎక్కేశాడు. కాళ్ళకి తాడు కూడా వేసుకోలేదు.

"దిగవయ్యా! వేలు పొడిచి చూసేదే, రోజూ వేసేది కాదు!"

"అది చూస్తేనే కదండీ ఇది వేసేది!" అన్నాడు పైనించి. ఆ మాటలో తప్పేం లేదు.

నర్సమ్మ మిగతా ముగ్గురినీ అడిగింది ఏం తిన్నారని. చెప్పారు. అతుకు కంచాలు చూపించారు. పాకుండల సంగతి చెప్పారు. మేకని తీసుకొచ్చి మూతి చూపించారు. నర్సమ్మ అరుగు మీద కూలబడి మంచినీళ్ళడిగింది. దడి మీంచి నేను ఇచ్చాను. ఆవిడ తాగుతూ నా మొహంలోకి చూసింది.

"ఇదిగో, ఇంక నేను మాటలు చెప్పను" అంది వాళ్ళతో. "ఈవిడ ఎలా తింటే అలా తినండి. ఈవిడ ఏం చేస్తే అది చెయ్యండి. నేను రేపు పొద్దున్న కూడా పంచాయతీ ఆఫీసు దగ్గరే ఉంటాను, అతన్ని దింపి తీసుకురండి. చూడకుండా ఉంటే లోపల ముదిరి, కాళ్ళకీ కళ్ళకీ వస్తుంది. అప్పుడు చెట్టెక్కడానికి చూపు కూడా ఉండదు."

ఆవిడ వీధి మలుపు తిరిగాక నూకరాజు దిగాడు. అన్నం తినకుండానే పడుకున్నాడు, నడవక్కర్లేకుండా. పడుకోబోయే ముందు దడి దగ్గరికి వచ్చి, "పెద్దొదినా, కళ్ళు పోతే నేనేం చెయ్యను?" అన్నాడు. ఆ మాట మాత్రం తెలివైనవాళ్ళు అడిగినట్టే అడిగాడు. వెళ్ళి తోటకూర కోసుకొచ్చాను.

మర్నాడు తెల్లారేసరికి నూకరాజు మళ్ళీ చెట్టు మీద ఉన్నాడు. కంచం, చెంబు కూడా పైకి పట్టుకెళ్ళాడు. మిగతా ముగ్గురూ చెట్టు కింద కంచాలు ముందు పెట్టుకుని నా కోసం చూస్తున్నారు.

నాకు నలుగురిలో ముద్ద దిగదండి. పెళ్ళి భోజనాలకి వెళ్ళినా ఆఖరి బంతిలో గోడవైపు తిరిగి కూర్చుంటాను. ఆ పొద్దున్న మాత్రం వంట గిన్నెలన్నీ పట్టుకుని వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. నా కంచంలో సగం దాకా తోటకూర, బీరకాయ కూర పెట్టుకున్నాను. కాస్త పెసరపప్పు, కాస్త అన్నం. అందరికీ అలాగే పెట్టాను. పైవాడి వాటా గిన్నెలో పెట్టి తాడుతో పంపారు. కూర్చుని తినడం మొదలుపెట్టాను.

నేను ముద్ద కలిపితే వాళ్ళూ కలిపారు. నేను నమిలితే వాళ్ళూ నమిలారు. అచ్చాయమ్మ కూడా చిగుళ్ళతోనే నమిలింది. నేను కరివేపాకు తీసి పక్కన పెట్టాను. మూడు కరివేపాకులు పక్కకి వచ్చాయి, ఒకటి పైనించి పడింది. దోమ కుడితే చేతి మీద కొట్టుకున్నాను. నాలుగు చోట్ల చప్పుడైంది. నాకు ఇంకొంచెం పప్పు వేసుకోవాలనిపించింది గానీ, పైకి చూసి, వేసుకోలేదు. చెయ్యి కడుక్కున్నాను. పైవాడు కడుక్కున్న నీళ్ళు నా నెత్తిన పడ్డాయి.

అప్పుడు నేను లేచి నడిచాను. వెనక్కి చూడలేదు. వెనకాల చెట్టు మీంచి సర్రున జారిన చప్పుడైంది. తర్వాత అడుగుల చప్పుడు. నేరుగా పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి నర్సమ్మ ముందు నా వేలు చాపాను.

"మీకెందుకమ్మా?" అందావిడ.

"ముందు నాకు పొడవండి" అన్నాను.

సూదంటే నాకూ భయమేనండి. ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. గోడ మీద బల్లిని చూస్తూ నిలబడ్డాను. చురుక్కుమంది. "అబ్బా" అన్నాను. నూకరాజు కూడా బల్లిని చూస్తూ వేలు చాపాడు. వేలు వెనక్కి తియ్యలేదు. పొడవకముందే "అబ్బా" అన్నాడు. పొడిచింది.

నర్సమ్మ చూసింది. మిషన్ దులిపి మళ్ళీ చూసింది. "తగ్గింది" అంది. "ఆ నడకా, ఆ గుగ్గిళ్ళూ నిన్ను కాపాడాయయ్యా. సూది అక్కర్లేదు. బిళ్ళలు మానకు. ఈవిణ్ణి చూసి ఇలాగే తిను."

నూకరాజు ఏడ్చేశాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. మిగతా ముగ్గురూ నన్ను చూసి కళ్ళు తుడుచుకున్నారు.

అంతమందిలో అంతసేపు ఉండేసరికి నాకు సిగ్గు ముంచుకొచ్చింది. గబగబా ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. వాళ్ళూ నా వెనకే గబగబా వచ్చి తలుపేసుకున్నారు. మా ఇంట్లోనే.